అంతరిక్ష చెత్తపై లేజర్ గురి – 4వ పాఠం: కనిపించినచోటికి కాల్చకండి

గత పాఠంలో టీఎల్ఈ (శకలం కక్ష్య వివరాలను రెండు వరుసల్లో ఇచ్చే పట్టిక) అంచనాతో టెలిస్కోప్‌ను తిప్పి, సంధ్యవేళ ఎండ తగిలి మెరుస్తున్న శకలాన్ని కెమెరా మధ్యకు తెచ్చుకున్నాం. ఇప్పుడు దాని మీదికి లేజర్ పంపి, తిరిగొచ్చిన ఫోటాన్‌ను పట్టి దూరం కొలవాలి.

పాఠమంతటికీ ఒకే ఉదాహరణ పెట్టుకుందాం. నడినెత్తిన 1,000 కి.మీ. దూరంలో, సెకనుకు 7.4 కి.మీ. వేగంతో పోతున్న 1 చదరపు మీటరు శకలం. లేజర్ 532 నానోమీటర్లది. పల్స్‌కు 100 మిల్లీజౌళ్లు, సెకనుకు 100 పల్స్‌లు, పుంజం వెడల్పు 10 ఆర్క్‌సెకన్లు (ఒక ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు). వెలుగును అందుకునే అద్దం వ్యాసం 50 సెం.మీ.

కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది గురి దగ్గరే. శకలం కెమెరాలో సరిగ్గా మధ్యన ఉంటుంది, పుంజాన్నీ మధ్యకే సర్ది ఉంటారు, అయినా ఒక్క ఫోటాన్ రాదు. మనకు కనిపిస్తున్న వెలుగు శకలాన్ని వదిలి అప్పటికే 3.3 మిల్లీసెకన్లయింది. మన పల్స్ అక్కడికి చేరేసరికి ఇంకో 3.3 గడుస్తాయి. ఈలోగా శకలం 49 మీటర్లు ముందుకు వెళ్లిపోతుంది. ఆ దూరంలో పుంజం 48 మీటర్ల వృత్తంగా పరుచుకుంటుంది, అంటే కేంద్రం నుంచి అంచుకు 24 మీటర్లే. పల్స్ మొత్తం శకలం వెనకనుంచి పోయిందన్నమాట!

1,000 కి.మీ. దగ్గర ఒక ఆర్క్‌సెకను 4.85 మీటర్లు కాబట్టి, మనం 10 ఆర్క్‌సెకన్లు ముందుకు గురిపెట్టాలి. గాలిలో చెదిరిన వెలుగువల్ల పుంజం కెమెరాలో సన్నని గీతలా కనిపిస్తుంది. శకలాన్ని కాదు, ఆ గీత కొసను చూడండి. అది శకలం పోతున్న దిశలో 10 ఆర్క్‌సెకన్లు ముందుండాలి. శకలం దిగంతానికి దగ్గరవుతున్నకొద్దీ అడ్డంగా కదిలే వేగం తగ్గుతుంది, దాంతోపాటు ఈ సవరణా తగ్గుతుంది. పైగా టెలిస్కోప్ తిరుగుతుంటే కెమెరాలో దిశ కూడా తిరుగుతుంది. అందుకే ఒకసారి సర్ది వదిలేస్తే కుదరదు, క్షణక్షణం లెక్కగట్టాలి. సవరణ గుర్తు తారుమారై ముందుకు బదులు వెనక్కి గురిపెడితే తప్పు 20 ఆర్క్‌సెకన్లకు పెరుగుతుంది.

గురి కుదిరాక ఎన్ని ఫోటాన్లు వస్తాయో చూద్దాం. పల్స్‌లో సుమారు 2.7 × 10¹⁷ ఫోటాన్లుంటాయి. వాటిలో 1,850 వంతుల్లో ఒక వంతే శకలాన్ని తాకుతుంది. అది అయిదోవంతు వెలుగును నలుదిక్కులా చెదరగొడుతుందనుకుంటే, మన అద్దం మీదికి చేరేవి గాలిలో నష్టాలు తీసేయకముందే రెండుకు మించవు. గాలి రెండుసార్లు మింగేది, అద్దాల్లో, కటకాల్లో పోయేది, డిటెక్టర్ వదిలేసేది తీసేస్తే మిగిలేది పల్స్‌కు 0.1. పది పల్స్‌లకు ఒక ఫోటాన్. లాజియోస్ ఉపగ్రహానికైతే వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పికొట్టే 426 పట్టకాలున్నాయి. చెత్తకు ఆ సాయం లేదు. దూరం రెట్టింపైతే ఫోటాన్లు పదహారోవంతుకు పడిపోతాయి.

ఇంత తక్కువ సంకేతాన్ని ఆకాశపు వెలుగునుంచి, డిటెక్టర్ సొంత రొదనుంచి విడదీయాలి. అందుకు ఊహించిన దూరం చుట్టూ 1 కి.మీ. మేరకే, అంటే 6.7 మైక్రోసెకన్లు మాత్రమే, డిటెక్టర్‌ను తెరుస్తాం. ఈ తెరిచి ఉంచే వ్యవధినే కిటికీ అంటాం. రొద సెకనుకు 50,000 అయితే ఒక్కో కిటికీలో సగటున 0.33 పడతాయి. కిటికీని ఇంకా వెడల్పు చేయాలనే ఆశ వద్దు. ముందు రొద తగిలితే డిటెక్టర్ మూతపడి, వెనక వచ్చే అసలు ఫోటాన్‌ను చూడదు.

పది సెకన్లలో 1,000 పల్స్‌లు పంపి, కొలిచిన దూరంలోంచి లెక్కగట్టిన దూరం తీసేసి, ఆ తేడాలను 15 మీటర్ల గడుల్లో పేర్చండి. రొద గడికి నాలుగైదు చొప్పున పరుచుకుంటుంది, అసలువి ఎనభైకి పైగా ఒకేచోట పోగుపడతాయి. శకలం వచ్చే వేళను అంచనా 1 సెకను తప్పుగా చెబితే మాత్రం, నడినెత్తి దాటేచోట తేడా సెకనుకు దాదాపు 47 మీటర్ల చొప్పున జారుతుంది. అప్పుడు ఆ ఎనభై ముప్ఫైకి పైగా గడుల్లో చెల్లాచెదురై రొదలో మునిగిపోతాయి. లేజర్‌ను అనుమానించేముందు తేడా సెకనుకు ఇన్ని మీటర్ల చొప్పున జారుతోందని వేర్వేరు వాలులు ఊహించి, ఆ జారుడు తీసేసి మళ్లీ పేర్చి చూడండి. చాలాసార్లు అసలు ఫోటాన్ల పోగు అక్కడే దొరుకుతుంది.

విమానాలను పసిగట్టి షట్టర్ తనంతట తానే మూసుకునే ఏర్పాటు పనిచేస్తోందని తేలనిదే పల్స్ పంపకూడదు. దీనికి మినహాయింపు లేదు.

శకలాన్ని వెలుగుతో నెట్టాలన్నా ముందుగురి లెక్క ఇదే. 10 కిలోవాట్ల పుంజం పూర్తిగా ప్రతిఫలించినా తోపు 67 మైక్రోన్యూటన్లే. అంత చిన్న తోపు లెక్కకు రావాలంటే పుంజం నిమిషాల తరబడి శకలం మీదే నిలవాలి. ఆ సంగతి వచ్చే పాఠంలో.

అభ్యాసం: ఇదే శకలం 1,500 కి.మీ. దూరంలో ఉంటే పల్స్‌కు ఎన్ని ఫోటాన్లు వస్తాయి? (జవాబు: దాదాపు 0.02.) వెలుగు వెళ్లిరావడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది, మన పల్స్‌ల మధ్య ఎడం కూడా అంతే. అంటే ఫోటాన్ తిరిగొచ్చే వేళకే తర్వాతి పల్స్ గాలిలో చెదిరి డిటెక్టర్‌ను ముంచేస్తుంది. మొదటి 30 కి.మీ. గాలి వెలుగు 200 మైక్రోసెకన్ల పాటు వస్తూనే ఉంటుంది. సెకనుకు 90 పల్స్‌లకు తగ్గిస్తే ఏ దూరం నుంచి ఏ దూరం వరకు ఈ తాకిడి తప్పుతుందో లెక్కగట్టండి.