నెల్లూరు ఎండల్లో బ్రహ్మకమలం: కొమ్మ నాటడం నుంచి మొగ్గ నిలిచేదాకా

మన ఇళ్లలో బ్రహ్మకమలం పేరుతో పెంచేది ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్ అనే కాక్టస్. దాని సొంత చోటు మెక్సికో, గ్వాటెమాలా అడవులు. అక్కడ చెట్ల కొమ్మలను పట్టుకుని ఆకుల నీడలో పెరుగుతుంది. నెల్లూరు, ఒంగోలు వైపు ఇది పాడయ్యేది ఎక్కువగా ఎడారి మొక్క అనుకుని మిద్దె మీద మండుటెండలో పెట్టడం వల్లే.

ఆకులా కనిపించే వెడల్పాటి పచ్చని భాగం నిజానికి కాండం. దాని అంచున నొక్కు నొక్కుకీ ఒక కన్ను ఉంటుంది. కొత్త కొమ్మ అయినా మొగ్గ అయినా అక్కడి నుంచే వస్తుంది. ఒకసారి పూసిన కన్ను సాధారణంగా మళ్లీ పూయదు, అందుకే ఏటా కొన్ని కొత్త కొమ్మల్ని ఎదగనివ్వాలి.

నాటడానికి ముదిరిన కొమ్మ నుంచి జానెడు ముక్క కోయండి. ఏది కింది వైపో గుర్తు పెట్టుకోండి. కోసిన చోట పొర కట్టేదాకా వారం రోజులు నీడలో ఆరనివ్వాలి. పచ్చిగానే నాటితే మొదలు నల్లబడి మెత్తగా కుళ్లుతుంది. తర్వాత రెండు అంగుళాల లోతున నాటి, పుల్ల ఊతమిచ్చి, నాలుగైదు రోజులు నీళ్లు పోయకండి. ఆపైన కొద్దిగా తడుపుతుంటే నెలకు అటూ ఇటూగా వేర్లు పడతాయి.

మట్టి గుల్లగా ఉండాలి: ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు ఏటి ఇసుక, ఒక పాలు ఆకు ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు. పెన్న ఇసుక బాగుంటుంది. మైపాడు, కొత్తపట్నం తీరాల ఇసుక మాత్రం వద్దు, అందులోని ఉప్పు వేర్లను కాల్చేస్తుంది. నల్లరేగడి నీరు పట్టి ఉంచుతుంది, అదీ పనికిరాదు. ఎనిమిది నుంచి పది అంగుళాల మట్టికుండీ చాలు. వేర్లు కాస్త ఇరుకుగా ఉంటేనే పూత బాగా వస్తుంది.

తూర్పు వరండాలో రెండు మూడు గంటల పొద్దుటి ఎండ తగిలే చోటు దీనికి సరిపోతుంది. ఏప్రిల్, మే వడగాలులకు కొమ్మలు పసుపుపచ్చగా మారి మచ్చలు పడతాయి. ఆ రెండు నెలలూ వేపచెట్టు కిందికో షేడ్‌నెట్ కిందికో మార్చండి. మరీ చీకట్లో ఉంచితే సన్నటి కాడలు సాగుతాయే తప్ప పూలు రావు.

పైమట్టి అంగుళం మేర ఆరాకే నీళ్లు. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. వాన నీళ్లు పట్టి పోస్తే మేలు. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనుక, తుపాను రోజుల్లో కుండీని చూరు కిందికి జరపాలి.

యూరియా వేస్తే కొమ్మలే పెరుగుతాయి. పూత కాలానికి ముందు లీటరు నీటికి 2 గ్రాముల సల్ఫేట్ ఆఫ్ పొటాష్ కలిపి పదిహేను రోజులకోసారి మట్టిలో పోయండి. పిండినల్లి కనిపిస్తే లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టండి, మొగ్గల మీద పడకుండా.

అసలు జాగ్రత్త మొగ్గ దశలో. కన్ను నుంచి పొడుచుకొచ్చిన మొగ్గ విచ్చుకోవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. ఆ రోజుల్లో కుండీ జరపకండి, వెలుగు దిశ మారితే మొగ్గ రాలుతుంది. మట్టి పూర్తిగా ఎండినా, రోజంతా తడిగా ఉన్నా రాలుతుంది. కిందికి వేలాడే మొగ్గ మెడ వంచి తల పైకెత్తి లావెక్కిందంటే పూసే రాత్రి దగ్గరపడినట్టే. ఎనిమిది తొమ్మిది గంటలకు విచ్చుకోవడం మొదలై, నడిరేయికి పూర్తిగా తెరుచుకుని, తెల్లారేసరికి వాడుతుంది. వాడిన పువ్వును కాడతో సహా తుంచేయండి, కొమ్మను మాత్రం కోయకండి. పూయని కళ్లు దానిమీద ఇంకా ఉంటాయి.