పద్దెనిమిది నిండిన కొడుకు మనోవర్తి బకాయి: అభ్యంతరం చెప్పే పద్ధతి

కొడుకు మనోవర్తి (పోషణ ఖర్చు) బకాయి కట్టాలని నల్లగొండ కోర్టు నుంచి తండ్రికి నోటీసు అందితే, మొత్తం అంకెను చూసి బెదరకుండా, ఏ నెల నుంచి ఏ నెల వరకు అడిగారో ముందు చూడాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్ స్థానంలో 2024 జూలై 1 నుంచి అమలవుతున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 144వ సెక్షన్ ప్రకారం, బాకీ పడిన ఏడాదిలోగా దరఖాస్తు చేయని మొత్తానికి వారంటు జారీ చేయరాదు.

కొడుకు వయసుకు పదో తరగతి మెమోలోని పుట్టిన తేదీ గట్టి ఆధారం. వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని స్థితి ఉంటే తప్ప, చదువు సాగుతోందన్న ఒక్క కారణంతో 18 నిండాక ఈ సెక్షన్ వర్తించదు. పోషించుకోలేని పెళ్లికాని కూతురికి మాత్రం 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం అండగా ఉంటుంది. ఈ తేడాను చాలామంది తండ్రులు పట్టించుకోరు.

కౌంటరుకు, అంటే నోటీసుకు కోర్టులో వేసే జవాబుకు, నెలవారీ చెల్లింపుల పట్టికను, బ్యాంకు స్టేట్‌మెంటును జతచేయాలి. రసీదు లేకుండా చేతికిచ్చిన నగదును నిరూపించడం కష్టం. వివాదం లేని మొత్తాన్ని వెంటనే కట్టేయడం మేలు, ఎందుకంటే ఎగవేసిన ఒక్కో నెలకు నెల రోజుల వరకు జైలు పడవచ్చు.