గుడ్డు మీద నీటిరంగు నిలిచింది

నల్లగొండలో మా చర్చి పిల్లలతో ఈస్టర్ గుడ్లకు వాటర్ కలర్స్ వేయిస్తుంటే, రంగు పెంకుకు అంటకుండా చుక్కలుగా విడిపోయి జారిపోయింది. పెంకు మీద సహజంగా ఉండే పలుచని పొర, దానికి తోడు చేతి జిడ్డు దీనికి కారణం. ఉడికించి పూర్తిగా చల్లార్చిన తెల్ల గుడ్లను వెనిగర్‌లో తడిపిన దూదితో తుడిచాను. పెంకులో అత్యధిక భాగం కాల్షియం కార్బొనేట్. వెనిగర్‌లోని ఆమ్లం దాన్ని కొద్దిగా కరిగించి గరుకుగా చేస్తుంది. తుడిస్తే చాలు, నానబెడితే పెంకే మెత్తబడుతుంది. కడిగి, ఆరబెట్టి, కుంచెలో నీరు బాగా తగ్గించి వేస్తే రంగు ఎంత చక్కగా పట్టిందో! ఒక రంగు ఆరాకే రెండోది వేయాలి, లేకపోతే రెండూ కలిసిపోతాయి. తడి చేయి తగిలితే ఆరిన రంగూ కరుగుతుంది. మన ఎండల్లో గంటకు మించి బయట ఉన్న గుడ్లను మాత్రం పిల్లలకు తినిపించకండి.