ఎండీఆర్1 ఆర్‌ఎన్‌ఏ ఉంది, బ్లాట్‌లో పి-గ్లైకోప్రోటీన్ లేదు: ఎక్కడ వెతకాలి?

సమస్య: పి-గ్లైకోప్రోటీన్ మందును కణం బయటికి తోసేసే పంపు, దాని జన్యువే ఎండీఆర్1. డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందుకు లొంగని కే562 ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాలలో ఎండీఆర్1 ఆర్‌ఎన్‌ఏ మామూలు కే562 కణాలలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉన్నట్లు, ఆర్‌ఎన్‌ఏను కొలిచే క్యూపీసీఆర్ చూపుతుంది. ప్రోటీన్‌ను యాంటీబాడీతో పట్టిచూపే వెస్టర్న్ బ్లాట్‌లో మాత్రం, అది ఉండవలసిన 170 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ ఉండదు. పోలిక కోసం చూసే యాక్టిన్ ప్రోటీన్ చక్కగా వచ్చింది కనుక శాంపిల్‌లో లోపం లేదనుకొని చాలామంది కొత్త యాంటీబాడీ తెప్పిస్తారు.

అంతకుముందే చూడవలసినవి రెండున్నాయి. రెండు రకాల కణాలనూ పక్కపక్కన పెట్టి, అవి ఇంకా మందును తట్టుకుంటున్నాయో లేదో కొలవాలి. మందు లేకుండా చాలాకాలం పెంచితే నిరోధకత తగ్గిపోవచ్చు. క్యూపీసీఆర్‌లో రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ (ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్) వేయని కంట్రోల్ తప్పక పెట్టాలి. అందులోనూ సిగ్నల్ వస్తే మీరు కొలిచినది డీఎన్‌ఏను. జన్యువు ప్రతులు పెరిగిన కణాలలో ఈ పొరపాటు నిజమైన ఫలితంలాగే కనిపిస్తుంది.

అసలు కారణం: ఈ రెండూ సరిగా ఉంటే, శాంపిల్‌ను మరిగించారా అని అడుగుతాను. నా రెండు నెలల కాలాన్ని, మూడు యాంటీబాడీలను తినేసింది ఇదే. పి-గ్లైకోప్రోటీన్‌లో 1280 అమైనో ఆమ్లాలుంటాయి, అది కణత్వచాన్ని 12 సార్లు దాటుతుంది. 95 డిగ్రీల దగ్గర నీటికి ఒదగని ఆ భాగాలు ఒకదానికొకటి అతుక్కొని, జెల్‌లోకి దిగలేనంత పెద్ద ముద్దలవుతాయి. నీటిలో కరిగే యాక్టిన్‌కు ఈ ఇబ్బంది లేదు కనుక అది మనకు తప్పుడు భరోసా ఇస్తుంది. పైగా ట్రాన్స్‌ఫర్‌కు (ప్రోటీన్లను జెల్ నుంచి పొరపైకి మార్చడానికి) ముందు, జెల్ పైభాగమైన స్టాకింగ్ జెల్‌ను కోసి పారేస్తాము, సాక్ష్యమంతా ఆ ముక్కతోనే పోతుంది. ఒకసారి కోయకుండా ట్రాన్స్‌ఫర్ చేసి చూశాను: నిరోధక కణాల లేన్లలో శాంపిల్ పోసే ప్రతి గుంట (వెల్) అడుగునా చిక్కని నల్లగీత ఉంది, మామూలు కణాల లేన్లలో ఏమీ లేదు.

పరిష్కారం: ఒకే లైసేట్‌ను (కణాలను పగలగొట్టి తీసిన ద్రవాన్ని) రెండుగా పంచి, ఒక భాగాన్ని 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు, రెండవదాన్ని 37 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఉంచి, పక్కపక్క లేన్లలో నడపండి. మరిగించని శాంపిల్ డీఎన్‌ఏ వల్ల జిగురుగా సాగుతుంది కనుక, ముందే కొద్దిగా సోనికేట్ చేయండి (ధ్వని తరంగాలతో చెదరగొట్టండి) లేదా సన్నని సూది గుండా లాగండి. 7.5 శాతం జెల్, చల్లని గదిలో రాత్రంతా వెట్ ట్రాన్స్‌ఫర్ బాగా పనిచేస్తాయి. బ్యాండ్ సన్నగా రాక వెడల్పుగా అలుక్కున్నట్లు వస్తే కంగారు పడనక్కరలేదు, ప్రోటీన్‌కు అంటుకున్న చక్కెరల వల్ల అలాగే ఉంటుంది.

అప్పటికీ కనబడకపోతే రోడమీన్ 123 అనే మెరిసే రంగుతో పరీక్ష చేయండి. కణాలు రంగును బయటికి తోసేస్తూ, ఈ పంపును అడ్డుకునే వెరపమిల్ వేయగానే ఆ పని ఆపితే, పంపు పనిచేస్తున్నట్లే. అప్పుడు లైసిస్ బఫర్‌ను, ట్రాన్స్‌ఫర్‌ను మళ్ళీ చూడాలి. ఆర్‌ఎన్‌ఏ నిజంగా ఉండి కూడా ప్రోటీన్ తయారు కాలేదేమో అన్న అనుమానాన్ని అన్నిటికంటే చివర పరిశీలించండి.