ఆదర్శ వాయువు లెక్కలో పని, ఉష్ణం తప్పు వస్తుంటే

జవాబు వంద రెట్ల తేడాతో వచ్చిందంటే మిగతావేవీ వెతక్కండి, యూనిట్లే. ఒక లీటర్-అట్మాస్ఫియర్ అంటే 101.325 జౌళ్లు. ఉష్ణోగ్రత కెల్విన్‌లోనే ఉందా చూడండి.

విలువ సరిపోయి గుర్తు తిరగబడిందా? భౌతికశాస్త్రంలో వాయువు చేసిన పని ధనాత్మకం, రసాయనశాస్త్రంలో వాయువుపై జరిగిన పని ధనాత్మకం. ఏది వాడుతున్నారో మొదటి లైన్లోనే రాసుకోండి.

పని సరిగానే ఉండి ఉష్ణం ఒక్కటే తప్పితే, అంతర్గత శక్తి మార్పు దగ్గర చూడండి. మోల్‌ల సంఖ్య × సీవీ (స్థిర ఘనపరిమాణంలో ఒక మోల్ ఉష్ణధారణ) × ఉష్ణోగ్రత మార్పు అనేది ఆదర్శ వాయువుకు ఏ ప్రక్రియలోనైనా వర్తిస్తుంది, స్థిర ఘనపరిమాణంలోనే కాదు. పీడనం స్థిరంగా ఉంది కదా అని ఇక్కడ సీపీ (స్థిర పీడనంలో ఉష్ణధారణ) పెడితే వచ్చేది ఉష్ణం, అంతర్గత శక్తి కాదు.

అన్నీ సరిచూసుకున్నా జవాబు కలవడం లేదా? ప్రశ్న మళ్లీ చదవండి. 'స్థిర బాహ్య పీడనానికి ఎదురుగా' అని ఉంటే అది రివర్సిబుల్ (బయటి పీడనం వాయువు పీడనంతో దాదాపు సమానంగా ఉంటూ నెమ్మదిగా జరిగే మార్పు) కాదు. ఈ ఒక్క మాట వదిలేసి రివర్సిబుల్ మార్పుకే చెల్లే లాగరిథమ్ సూత్రం పెట్టేస్తారు. 300 కెల్విన్ దగ్గర ఒక మోల్ వాయువు 10 నుంచి 1 అట్మాస్ఫియర్‌కు ఐసోథర్మల్‌గా (ఉష్ణోగ్రత మారకుండా) వ్యాకోచిస్తే రివర్సిబుల్ పని 5,743 జౌళ్లు. అదే 1 అట్మాస్ఫియర్ బాహ్య పీడనానికి ఎదురుగా అయితే 2,245 జౌళ్లే.

అడియాబాటిక్‌లో (వాయువుకూ బయటికీ మధ్య ఉష్ణం మారని ప్రక్రియలో) ఇంకా ఘోరం, చివరి ఉష్ణోగ్రతే మారిపోతుంది. అదే వాయువు ఏకపరమాణుకమైతే రివర్సిబుల్ మార్పుకే చెల్లే గామా (సీపీ/సీవీ) సూత్రం 119 కెల్విన్ ఇస్తుంది. 1 అట్మాస్ఫియర్ బాహ్య పీడనానికి ఎదురుగా అయితే సరైనది 192. దానికి, సీవీ × (300 − చివరి ఉష్ణోగ్రత)ను బాహ్య పీడనం × ఘనపరిమాణం మార్పుతో సమానం చేయాలి. రెండు వైపులా వాయు స్థిరాంకంతో భాగిస్తే 1.5 × (300 − టీ) = టీ − 30; టీ అంటే చివరి ఉష్ణోగ్రత, 30 అంటే 300 × 1/10. పని 1,347 జౌళ్లు.

ఉష్ణగతికశాస్త్ర మొదటి నియమంతో (ఉష్ణం, పని, అంతర్గత శక్తి మార్పుల లెక్క కుదరాలనే నియమం) సరిచూసుకున్నా ఈ తప్పు దొరకదు, అందుకే ఇది ప్రమాదం. ఐసోథర్మల్‌లో అంతర్గత శక్తి మారదు కాబట్టి ఏ పని పెట్టినా ఉష్ణం దానికి సమానంగా వచ్చేస్తుంది. అడియాబాటిక్‌లో 119 కెల్విన్‌కు పని 2,252 జౌళ్లని, అంతర్గత శక్తి తగ్గుదలా అంతేనని లెక్క చక్కగా కుదురుతుంది. దీన్ని పట్టుకోవాలంటే బాహ్య పీడనాన్ని మీకు వచ్చిన ఘనపరిమాణం మార్పుతో గుణించండి: 743 జౌళ్లే. పని దానితో కలవలేదంటే సూత్రమే తప్పు.

శూన్యంలోకి వ్యాకోచమైతే బాహ్య పీడనం సున్నా, పని సున్నా. సీవీ ఉష్ణోగ్రతతో మారడం, వాండర్‌వాల్స్ సవరణలు (నిజ వాయువులకు చేసేవి) ప్రశ్నలో అడిగితే తప్ప పట్టించుకోనక్కర్లేదు.