ఇంటి దగ్గరే కారు వైద్యం – మూడో పాఠం: కూడలిలో తడబడే ఇంజన్

ప్లగ్గులు, కాయిళ్ల పరీక్ష కిందటి పాఠంలో పూర్తయింది. అవి బాగానే ఉన్నా కారు ఇంకా తడబడుతోందంటే ఈ పాఠం మీ కోసమే. పెట్రోలు కార్లకు మాత్రమే.

తిరుపతిలో ఈ ఫిర్యాదు దాదాపు ఒకే తీరుగా వినిపిస్తుంది. లీలామహల్ కూడలిలో ముందున్న ఆటో కదిలింది, మనమూ యాక్సిలరేటర్ తొక్కాం. ఒక్క క్షణం ఇంజన్ పలకదు, తరవాత జర్కు కొట్టి ముందుకు దూకుతుంది. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కి వేగం అందుకున్నాక ఏ ఇబ్బందీ లేదు. తిరుమల ఘాట్ రోడ్డులోనూ చక్కగా లాగుతుంది. ఇంత విన్నాక కూడా ఎవరైనా పెట్రోలు పంపు మార్చమంటే తొందరపడి ఒప్పుకోకండి. పంపు నీరసిస్తే ముందుగా బయటపడేది కొండ ఎక్కేటప్పుడే, పెట్రోలు ఎక్కువ కావలసింది అక్కడే గనక. కొండెక్కే కారు కూడలిలో తడబడితే ముందు గాలిని అనుమానించాలి.

ఐడిలింగ్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, థ్రాటిల్ పళ్లెం (ఇంజన్‌లోకి గాలిని వదిలే మూత) దాదాపు మూసుకునే ఉంటుంది, ఇంజన్ పీల్చే గాలి చాలా కొద్ది. పగిలిన రబ్బరు గొట్టంలోంచి దూరే కాస్త దొంగ గాలి కూడా అందులో పెద్ద వాటా అవుతుంది. థ్రాటిల్ బాగా తెరుచుకున్నాక అదే గాలి లెక్కలోకి రాదు. పళ్లెం అంచున మసి పేరుకున్నా బాధ పడేది ఆ మొదటి కొద్దిపాటి తొక్కుడులోనే.

ఇక పరీక్ష. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు (కారు కంప్యూటర్ అంకెలు బయటికిచ్చే చోటు) రీడర్ తగిలించి ఫోనుతో కలపండి. ఇంజన్ బాగా వేడెక్కాలి, ఏసీ ఆపాలి, గేరు న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేకు వేసి ఉండాలి. కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పేది ఫ్యూయల్ ట్రిమ్. దాని అంకెలు రెండూ, అంటే షార్ట్ (అప్పటికప్పటి మార్పు), లాంగ్ (అలవాటుగా మారినది), కలిపి చూడండి. మొత్తం 10 శాతం లోపు అటూ ఇటూ ఉంటే కంగారు లేదు. ఐడిలింగ్‌లో 18 ఉన్నది 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 4కు దిగిందనుకోండి, దొంగ గాలి దూరుతున్నట్టే. రెండు చోట్లా సమానంగా కొద్దిగా పైకి ఉంటే అది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు ప్రభావం కావచ్చు. పాత కార్లలో ఇది మామూలే.

అయితే ఇది ఎయిర్ ఫిల్టర్ పక్కన గాలిని కొలిచే సెన్సార్ ఉన్న కార్లకే బాగా పనికొస్తుంది. మన చిన్న కార్లలో చాలావాటికి మ్యాప్ సెన్సార్ ఉంటుంది, అంటే మ్యానిఫోల్డ్‌లో (థ్రాటిల్ దాటిన గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల్లో) పీడనం కొలిచేది. అది దొంగ గాలినీ లెక్కలో కలిపేసుకుంటుంది కాబట్టి ట్రిమ్ అమాయకంగా కనిపిస్తుంది. అక్కడ మ్యానిఫోల్డ్ పీడనం చూడాలి. ఐడిలింగ్‌లో 30–40 కిలోపాస్కల్స్ ఉండవలసింది 50కి చేరి, ఇంజన్ వేగం కూడా నిలకడ తప్పితే లీకు వెతకండి. ముందు సెన్సార్ మాట నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలంటే ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పండి. అప్పుడది బయటి గాలి పీడనాన్నే చూపాలి: తిరుపతిలో సుమారు 99, తిరుమల కొండ మీద సుమారు 92 చూపించాలి.

లీకు వెతకడానికి మంటంటుకునే స్ప్రేలు వద్దు. స్ప్రే సీసాలో నీళ్లు చాలు. బ్రేకు బూస్టర్ గొట్టం, పీసీవీ గొట్టం (ఇంజన్ లోపలి ఆవిర్లను మ్యానిఫోల్డ్‌కు పంపేది), మ్యానిఫోల్డ్ అతుకు, వీటి మీద కొద్దిగా చల్లండి. కాయిళ్ల మీద పడనివ్వకండి. చల్లిన చోట ఇంజన్ శబ్దం మారితే అదే లీకు. గొట్టాన్ని వంచి చూస్తే అడుగువైపు సన్నని పగులు నోరు తెరుస్తుంది. పైనుంచి చూసి బాగుందనుకునేది చాలాసార్లు అలా పగిలిన గొట్టాన్నే.

లీకు లేకపోతే ఇంజన్ ఆపి, తాళం తీసి, చల్లారాక థ్రాటిల్ ముందరి గొట్టం విప్పండి. పళ్లెం అంచు చుట్టూ జిగురుగా నల్లని వలయం కనిపిస్తుంది. థ్రాటిల్ క్లీనర్‌ను గుడ్డకు కొట్టి తుడవండి, లోపలికి నేరుగా కుమ్మరించవద్దు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే పళ్లేన్ని వేలితో బలవంతంగా తోయకండి, లోపలి ప్లాస్టిక్ గేర్లు విరిగే ప్రమాదం ఉంది. తుడిచాక ఐడిలింగ్ కాస్త ఎక్కువగా ఉండవచ్చు. కొన్ని కార్లు తామే సర్దుకుంటాయి, కొన్నింటికి పళ్లెం మూసుకునే స్థానాన్ని రీడర్‌తో మళ్లీ నేర్పించాలి. మీ కారు పుస్తకం చూసుకోండి.

ఇంజన్ వేగం పెంచేకొద్దీ ట్రిమ్ తగ్గకుండా పెరిగితే గొట్టాల జోలికి పోవద్దు, అనుమానం పెట్రోలు సరఫరా మీదే. మీ అంకెలు రాసి ఉంచుకోండి, పెట్రోలు పీడనం కొలవడం నాలుగో పాఠంలో.