ఇంట్లో పెద్దవాళ్ళకు రాక్ పాట వినిపించడం ఎలా (తిట్లు తినకుండా)

మాది అనంతపురం. ఇక్కడి పిల్లలు చాలామంది చదువుకో ఉద్యోగానికో బెంగళూరు పోతారు, పోయినవాళ్ళు పండక్కి వచ్చేటప్పుడు ఒక నల్ల టీషర్టు, నాలుగు బ్యాండ్ల పేర్లు, కొందరైతే ఏకంగా గిటారు కూడా వెంటబెట్టుకొని వస్తారు. ఆ తర్వాత జరిగేది ఏ ఇంట్లో అయినా ఒకటే. వీడు బ్లూటూత్ స్పీకర్ ఆన్ చేస్తాడు, పాట సగానికి రాకముందే బయట అరుగు మీద కూర్చున్న నాన్న నుంచి "ఏందిరా సామీ ఆ మోత, తాడిపత్రిలో బండలు కోసినట్టు, ఆపు" అని కేక వస్తుంది. వీడు ముఖం మాడ్చుకొని ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు, ఆయన టీవీ సౌండ్ పెంచుకుంటాడు.

ఇయర్‌ఫోన్లతో సరిపెట్టుకునేవాళ్ళకు ఈ గైడ్ అక్కర్లేదు. ఒకే ఇంట్లో, ఒకే కారులో పెద్దవాళ్ళతో కలిసి వినాలని ఉన్నవాళ్ళ కోసం రాస్తున్నా. ఒక్కటి ముందే చెప్తున్నా: "నీకు టేస్ట్ లేదు నాన్నా" అని వాదించి గెలిచిన కొడుకును గానీ కూతురిని గానీ నేను చూడలేదు. వాళ్ళు పాటలో దేనికోసం వెతుకుతారో ముందు అది దొరికేలా చేయాలి. అది సాహిత్యం కావచ్చు, రాగం కావచ్చు, పాడినవాడి కథ కావచ్చు. అది దొరికాక మోత గురించి పెద్దగా పట్టించుకోరు.

ముందు స్పీకర్ సంగతి చూడండి

"మాట ఒక్కటీ తెలీడం లేదురా" అనేది పెద్దవాళ్ళ మొదటి ఫిర్యాదు. దీన్ని చాదస్తం కింద కొట్టేయకండి, చాలావరకు నిజమే చెప్తున్నారు. వయసు పెరిగేకొద్దీ చెవి ముందుగా పోగొట్టుకునేది పై ఫ్రీక్వెన్సీలను. స, ష, త, క లాంటి హల్లులు స్పష్టంగా తెలియాలంటే అవే కావాలి. అచ్చులు వినిపిస్తాయి, హల్లులు జారిపోతాయి, దాంతో ఎవరో పాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏం పాడుతున్నారో తెలియదు. వెనక డ్రమ్స్, బేస్ గట్టిగా ఉంటే ఆ కాస్తా పోతుంది. పైగా వాళ్ళు పెరిగింది ఘంటసాల కాలం రికార్డింగుల మీద. అప్పట్లో గాయకుడు మైకుకు దగ్గర, ఆర్కెస్ట్రా వెనక, అన్నీ కలిపి ఒకేసారి రికార్డు చేసేవాళ్ళు కాబట్టి గొంతు ఎప్పుడూ ముందే ఉండేది. రాక్ మిక్సింగ్‌లో గొంతుకు ఆ పెద్దపీట ఉండదు, గిటారుతో సమానంగా ఉంటుంది, ఒక్కోసారి దానికంటే వెనక కూడా. దీనికి తోడు 1990ల నుంచి పాటంతా ఒకే ఎత్తున మోగేలా కంప్రెస్ చేయడం బాగా ఎక్కువైంది, అందుకే చెవికి మధ్యలో ఊపిరి తీసుకునే చోటు దొరకదు.

కాబట్టి పాట మార్చేముందు సెట్టింగ్ మార్చండి. ఫోన్‌లో ఈక్వలైజర్ తెరిచి బేస్ రెండు మూడు మెట్లు దించండి, 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఉన్న మీటలు కొంచెం పైకి జరపండి. కారు స్టీరియోలో ఇంత వివరంగా ఉండదు, అక్కడ బేస్ తగ్గించి మిడ్ పెంచితే చాలు. స్పీకర్‌ను గోడ మూలలో నేల మీద పెట్టకండి, మూలలో పెడితే బేస్ ఇంకా ఉబ్బుతుంది. కూర్చున్న మనిషి చెవి ఎత్తున, గోడకు కాస్త దూరంగా ఉంచండి. వాల్యూమ్ మీకు చాల్లేదు అనిపించే దగ్గర ఆపేయండి. ఆయనే "కొంచెం పెంచు" అనాలి తప్ప మీరు పెంచకూడదు. వినికిడి మిషన్ పెట్టుకునేవాళ్ళయితే అది మాటల కోసం తయారైన వస్తువు, సంగీతం దాంట్లో వంకరగా వినిపిస్తుంది. చాలా మిషన్లలో మ్యూజిక్‌కు వేరే ప్రోగ్రాం ఉంటుంది, ఈసారి చెకప్‌కు పోయినప్పుడు అడిగి పెట్టించండి.

శబ్దమే వాళ్ళకు పడదు అనుకోకండి. ఉరుముల నృత్యం చూసిన చెవులవి, పీర్ల పండక్కి గూగూడు కుళ్ళాయిస్వామి దగ్గర తప్పెట్ల మధ్య నిలబడిన చెవులవి. అక్కడ ఆరుబయట, పదిమందిలో, పండగ కాబట్టి మోత ముద్దుగానే ఉంటుంది. మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చిన మనిషికి పక్క గదిలోంచి వచ్చే డబుల్ బేస్ డ్రమ్ వేరే సంగతి. టైమింగ్ చూసుకోండి.

వాళ్ళ నాయన ఏమన్నాడో అడగండి

"మా కాలం పాటలే పాటలు" అన్నప్పుడు ఎదురు చెప్పకుండా ఒక ప్రశ్న వేయండి: నువ్వు చిన్నప్పుడు సినిమా పాట పాడుతుంటే జేజినాయన ఏమనేవాడు నాన్నా? కథలు వాటంతటవే బయటికొస్తాయి. భజన పాటలు వదిలి సినిమా పాటలు పాడుతున్నాడని బెత్తంతో కొట్టిన తాతలు రాయలసీమ పల్లెల్లో తక్కువేం కాదు.

తాతలనే అనడానికి కూడా లేదు, ఢిల్లీలోనూ అదే తంతు. 1952లో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటలంటే గిట్టదు, ఆయన హయాంలో ఆకాశవాణిలో అవి దాదాపు వినపడకుండా పోయాయి. జనం ఊరుకుంటారా, రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పుకున్నారు, అందులో తెలుగు పాటలు కూడా వచ్చేవి. చివరికి 1957 అక్టోబరులో వివిధ భారతి మొదలుపెట్టక తప్పలేదు. అంటే ఇవాళ "ఆణిముత్యాలు" అంటున్న పాటల్లో కొన్ని ఒకప్పుడు రేడియోకు తగనివిగా లెక్కకొచ్చినవే.

హార్మోనియం సంగతి ఇంకా విచిత్రం. మన ఊళ్ళలో రామాలయం భజన అంటే హార్మోనియం లేకుండా ఊహించలేం కదా, ఆ హార్మోనియం మీద ఆకాశవాణిలో 1940 నుంచి 1971 దాకా నిషేధం ఉంది, పరాయి వాద్యం, గమకాలు (స్వరాన్ని ఊపుతూ, జారుస్తూ పలికించడం) పలకవు అని. గిటారు మీద ఇప్పుడు వినిపించే మాట కూడా అచ్చంగా ఇదే. రెహమాన్ 1992లో వచ్చినప్పుడు "అంతా కంప్యూటర్ సౌండే, పాటేదీ" అన్న చాలామంది ఇప్పుడు అవే పాటలు పెట్టుకొని "ఆ రోజులు వేరు" అంటున్నారు. ఈ విషయాలన్నీ ఒకేసారి గుప్పించకండి, వాదనలాగా ఉంటుంది. హార్మోనియం ముక్క ఒక్కటి చాలు, భజన తెలిసిన పెద్దమనిషి అయితే "అవునా?" అని కుర్చీలో ముందుకు జరుగుతాడు.

రాక్ అంటే పిల్లకాయల పాటలు అని కూడా చాలామందికి ఒక నమ్మకం. రోలింగ్ స్టోన్స్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు మిక్ జాగర్ పుట్టింది 1943లో, మన బాలు పుట్టింది 1946లో. అరవై అయిదేళ్ళ నాన్నకు ఈ లెక్క చెప్పి చూడండి.

ఏ పాటతో మొదలుపెట్టాలి

మీకు బాగా నచ్చిన పాటతో మాత్రం కాదు. ఆయనకు ఇప్పటికే తెలిసిన దాంతో మొదలుపెట్టి ఒక్కో అడుగు జరపాలి.

మొదటి అడుగుకు ఇళయరాజా ఉన్నాడు. ధనరాజ్ మాస్టారు దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్న మనిషి, 1980ల తెలుగు పాటల్లో ఆయన బేస్ గిటారు చేత చేయించిన పని మామూలుది కాదు. నాన్నకు ఇష్టమైన ఆ కాలం పాట ఒకటి పెట్టి, ఈసారి గొంతు వదిలేసి కింద నడుస్తున్న బేస్ గిటారును మాత్రం పట్టుకోమనండి. దొరికాక వదలరు. నలభై ఏళ్ళుగా కరెంటు గిటారు వింటూనే ఉన్నానని ఆయనకే తెలుస్తుంది.

రెండో అడుగు సంగీతం తెలిసిన ఇళ్ళకు. మాండొలిన్ శ్రీనివాస్ కచేరీల్లో వాయించింది ఎలక్ట్రిక్ మాండొలిన్, మొదట్లో కొందరు గొణిగినా తర్వాత అందరూ ఒప్పుకున్నారు. అక్కణ్ణుంచి బెంగళూరు బ్యాండ్ అగం వైపు రండి, త్యాగరాజ కృతులను డ్రమ్స్, గిటార్లతో చేస్తారు. తర్వాత కొచ్చి బ్యాండ్ మదర్‌జేన్‌లో బైజు ధర్మజన్ గిటారు, అందులో గమకాలు స్పష్టంగా తెలుస్తాయి. ఇంకో రహస్యం చెప్పాలి. రాక్‌లో గరగరమని మోగే ఆ పవర్ కార్డ్ ఉంది చూశారూ, అందులో ఉండేవి షడ్జమం, పంచమం, పై షడ్జమం. తంబురాలో ఉండేవీ స, ప లే. యాంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి నెట్టి గరగర పుట్టించారు కాబట్టి గుర్తుపట్టలేం గానీ, శృతి పెట్టే తీరు మనకు కొత్తది కాదు.

అయితే మన సీమలో సంగీతం కంటే నాటకం బలం ఎక్కువ. సురభి నాటకాలు 1885లో పుట్టింది కడప జిల్లా సురభి గ్రామంలోనే. అనంతపురం, కర్నూలు పల్లెల్లో ఇప్పటికీ పౌరాణిక నాటకం పెడితే తెల్లారేదాకా జనం కదలరు, పద్యం అయిపోయాక నటుడు రాగం సాగదీస్తుంటే, హార్మోనిస్టు వెంట పరిగెత్తుతుంటే, "వన్స్ మోర్" అని అరుపులు. గిటార్ సోలో అంటే ఏమిటో పెద్దవాళ్ళకు చెప్పాలంటే దీన్ని మించిన దారి లేదు. మాటలు అయిపోయాయి, భావం ఇంకా మిగిలింది, దాన్ని రాగంగా సాగదీస్తున్నాడు, అంతే.

మా పెద్దనాయన వయసులో ఉన్నప్పుడు కృష్ణుడి వేషం కట్టేవాడు. ఒకసారి బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోతూ పెనుకొండ దాటాక ఒక పాత రాక్ బ్యాండ్ పాట పెట్టి, పాడినంతసేపూ మాట్లాడకుండా, సోలో మొదలవగానే "పెద్దనాయనా, ఇప్పుడు పద్యం అయిపోయింది, రాగం మొదలైంది" అన్నా. కళ్ళు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్ళు డ్యాష్‌బోర్డు మీద మెల్లగా మెట్లు నొక్కడం మొదలుపెట్టాయి, హార్మోనియం మీద నొక్కినట్టే, ఎక్కడ స్వరం పైకి పోతే అక్కడ వేలు జరుగుతోంది. అయిపోయాక, "రాగం బాగా తీస్తాండాడు రా, గొంతు లేకపోతే ఏం, వేళ్ళతో తీస్తాండాడు" అన్నాడు. కొడికొండ చెక్‌పోస్ట్ దగ్గర టీ తాగుతూ ఇంకో మాట కూడా అన్నాడు, "యాడ ఆపాలనో మాత్రం తెలీదు వానికి." అది న్యాయమైన విమర్శే, 1970ల గిటారిస్టులు చాలామందికి వర్తిస్తుంది.

రాగం పట్టని వాళ్ళకు కథ చెప్పండి. రాక్‌లోనే మోత ఎక్కువుండే హెవీ మెటల్‌కు పేరుపడ్డ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్, దాని గిటారిస్టు టోనీ అయోమీ బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, పదిహేడేళ్ళప్పుడు, అదీ ఆ పనిలో ఆఖరి రోజున, మిషన్‌లో పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కాబట్టి తీగలు నొక్కాల్సిన చెయ్యే అది. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, సన్నటి తీగలు వేసుకున్నాడు, తర్వాత శృతి కూడా కిందికి దించాడు. హెవీ మెటల్‌లో ఆ బరువైన శబ్దానికి ఇదీ ఒక కారణం. మిల్లులోనో వర్క్‌షాపులోనో బతుకంతా గడిపిన మనిషికి ఇది చెప్పి ఆ తర్వాత పాట పెట్టండి. చెవితో కాకపోయినా గౌరవంతో వింటారు.

ర్యాప్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. తెలుగు ర్యాప్ అయితే పెద్దవాళ్ళు అనుకున్నంత ఇబ్బంది పడరు, ప్రాస వినపడితే చాలు. ప్రొద్దుటూరు లాంటి అవధానుల ఊరు ఉన్న ప్రాంతం కదా మనది. బూతులు లేనిది ఎంచుకోండి.

మీ వంతు

ఒకటి వినిపించారంటే ఒకటి వినాలి. ఇరవై ఏళ్ళప్పుడు బాగా నచ్చిన పాట ఒకటి పెట్టమని ఆయన్నే అడగండి. మనిషికి పదేళ్ళ నుంచి ముప్పై ఏళ్ళ మధ్య జ్ఞాపకాలు మిగతా వాటికంటే గట్టిగా నిలుస్తాయని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఎప్పుడో గమనించారు, ఆ వయసులో విన్న పాటలూ అంతే. మీకూ రేపు ఇదే గతి. ఆ పాట నడుస్తున్నంతసేపూ ఫోన్ తాకకండి, "ఇది ఫలానా హిందీ ట్యూన్ కదా" అని తెలివి చూపించకండి. అర్థం కాని మాట ఉంటే అడగండి, చెప్పేటప్పుడు వాళ్ళ ముఖం చూడాలి.

పొద్దున్నే సుప్రభాతం టైంలో, చుట్టాలు వచ్చినప్పుడు, క్రికెట్ స్కోరు చూస్తున్నప్పుడు ప్రయోగాలు వద్దు. గొంతు చించుకొని గుర్రుమనే మెటల్ అన్నిటికంటే చివర్న, అదీ వాళ్ళే అడిగితేనే. దుర్యోధనుడి వికటాట్టహాసం ఇష్టపడే మనిషైతే నవ్వుకుంటూ వింటాడు, లేకపోతే బలవంతం చేయకండి. కొన్ని కొందరికి పడవు, మీకు హరికథ పడనట్టే.

ఇంతవరకు వచ్చారంటే బెంగళూరులో ఒక షోకు తీసుకుపోవచ్చు, అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా 2011 అక్టోబరులో వాయించిన ఊరు, ఏదో ఒక బ్యాండ్ వస్తూనే ఉంటుంది. కుర్చీ ఉన్న టికెట్టే కొనండి, స్టేజీకి దూరంగా, స్పీకర్లకు ఎదురుగా కాకుండా పక్కన. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ రెండు జతలు జేబులో వేసుకోండి, ఒకటి మీకు. ఆరుబయట షోలు రాత్రి పదికి ఆపాల్సిందే, లౌడ్‌స్పీకర్ల నిబంధన అది. అయినా అంత రాత్రి హైవే మీద నాలుగు గంటలు కూర్చోబెట్టకండి, అక్కడే రూమ్ తీసుకోండి. బీపీ మాత్రలు సంచిలో పెట్టారో లేదో అమ్మను అడిగి బయల్దేరండి.